నీస్ నుంచి నిలోఫర్ దాకా

దేవరకొండలోనో అచ్చంపేటలోనో రాత్రి బస్సెక్కిన తల్లులు తెల్లారేసరికి హైదరాబాద్ రెడ్‌హిల్స్ చేరుకుంటారు. చంకలో బిడ్డ, చేతిలో సద్దిగిన్నె, కొంగున ముడేసిన మందుల చీటీ. ఎక్కడికమ్మా అంటే "నిలోఫర్‌కు" అంటారు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పసిపిల్లల పెద్దాస్పత్రికి ఆ పేరే. అది మధ్యధరా సముద్రపు ఒడ్డున పెళ్లయిన ఒక రాకుమారి పేరని ఆ తల్లుల్లో ఎందరికి తెలుసు?

1931 నవంబర్ 12, ఫ్రాన్స్‌లోని నీస్ నగరం. పదవి పోయి అక్కడ తలదాచుకున్న ఒట్టోమన్ ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రుషెహ్వార్‌కు ఏడో నిజాం పెద్దకొడుకు ఆజం జాతో, వాళ్ల బంధువుల పిల్ల నిలోఫర్‌కు చిన్నకొడుకు మొజ్జం జాతో నిఖా జరిగింది. ఒకరికి పదిహేడేళ్లు, ఇంకొకరికి పదిహేను. కోడళ్లయి హైదరాబాద్ వచ్చాక కూడా ఆ తీరంతో బంధం తెగలేదు. 1933లో దుర్రుషెహ్వార్ పెద్దకొడుకు ముకర్రం జా పుట్టింది నీస్‌లోనే. పుట్టింటివాళ్లు అక్కడున్నారు, పోయింది. ఆ తల్లిని నేను తప్పుపట్టను.

నా బాధ వేరు. అదే కాలంలో మా నల్లగొండ పల్లెకు రెవెన్యూ అధికారి గిర్దావరు దౌరా వచ్చాడంటే ఊరంతా వెట్టికి కదలాల్సిందే. మాదిగ మూటలు మోయాలి, కుమ్మరి కుండలు తేవాలి, గొల్ల మేకను ఇవ్వాలి, చాకలి ఇంటింటి పని చేయాలి. దమ్మిడీ ముట్టేది కాదు. చిన్న అధికారి నాలుగు కోసుల ప్రయాణానికే ఇంత బరువు మోసిన మనిషికి, రాజకుటుంబం సముద్రాలు దాటితే ఖర్చెంతయిందని అడిగే దారెక్కడిది? నల్లగొండ గట్టిగా అడిగే నాటికి 1946 వచ్చింది. ఆ అడగడం సాయుధ పోరాటమైంది.

అడిగే దారి ఉంటే ఏమవుతుందో చూడండి. 2010 ఆగస్టులో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య మిషెల్ ఒబామా చిన్న కూతురు సాషాను వెంటబెట్టుకుని స్పెయిన్ తీరానికి వెళ్లారు. ఉద్యోగాలు పోయి జనం అల్లాడుతుంటే విహారమా అని అమెరికాలో దుమారం లేచింది. ఆమెను ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్‌తో పోల్చినవాళ్లూ ఉన్నారు. ఆ మాట అన్యాయం. కానీ ఒక పౌరసంస్థ పట్టుబట్టి కాగితాలు తెప్పించింది. భద్రతకు, విమానానికి, సిబ్బందికి కలిపి ప్రజల సొమ్ము 4,67,585 డాలర్లయిందని 2012లో లోకానికి తెలిసింది. మనిషిని తిట్టడం కాదు, చిట్టా విప్పించడం కావాలి.

నిలోఫర్ కథలో నన్ను కదిలించేది మరొకటుంది. ఆమె దగ్గర పనిచేసిన రఫత్ కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచే ఈ ఆస్పత్రి ఆలోచన పుట్టిందంటారు. నిలోఫర్‌కు సంతానం కలగలేదు. 1952లో విడాకులయ్యాయి, 1989లో పారిస్‌లో కన్నుమూశారు. పాలమూరు తల్లి ఒడిలో బిడ్డ ఊపిరి నిలిచిన ప్రతిసారీ నాకు ఆమె గుర్తొస్తుంది.

మన నాయకులు, వాళ్ల ఇళ్లవాళ్లు ఏ సముద్రం ఒడ్డుకైనా వెళ్లనివ్వండి. అందులో మన పైసా ఉందనిపిస్తే మాత్రం అడగండి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు పది రూపాయలు చాలు.