తెనాలిలో చల్లని కూలరు రేపల్లెలో ఎందుకు ఉక్కపోసింది?

పిల్లలూ! వేసవి సెలవుల్లో మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఈ మాట వినే ఉంటారు: "కూలరు పాడయింది, చల్లగాలి రావడం లేదు." వెంటనే మెకానిక్కుకు కబురు వెళుతుంది. అతడు వచ్చి గడ్డి మారుస్తాడు, మోటారు విప్పి చూస్తాడు. అయినా ఉక్కపోత తగ్గదు. ఇంతకూ పాడయింది కూలరేనా? దీనికి జవాబు మెకానిక్కు సంచిలో కంటె మీ సైన్సు పాఠంలోనే ఎక్కువగా ఉన్నది.

అక్కయ్య ఇంటి సంగతి

మాది తెనాలి. మా అక్కయ్యది రేపల్లె. కొన్నేళ్ళ క్రితం మా ఇంట్లో కూలరు చక్కగా పనిచేస్తూ ఉండటం చూచి, బావగారు అచ్చం అటువంటిదే కొన్నారు. వారం తిరగకుండానే ఫోను: "ఏమోయ్ మాస్టారూ! నీ మాట విని కొన్న కూలరు మమ్మల్ని ఉడకబెడుతోంది!"

మర్నాడే రేపల్లె రైలెక్కి వెళ్ళాను. ఎనభై ఏళ్ళు దాటిన బావగారి తల్లి చెమటతో తడిసి, నోరెండిపోయి మంచంమీద సొమ్మసిల్లి ఉన్నది. ఆ గది తలుపులు, కిటికీలు అన్నీ బిగించి ఉన్నాయి, "చల్లదనం బయటికి పోకుండా"నట! ఉదయంనుంచీ కూలరు ఆడుతూనే ఉన్నది. గోడలు కూడా చెమ్మగిల్లాయి. వెంటనే కిటికీలన్నీ తెరిచాము. ఆమెను వసారాలోకి మార్చి, ఒళ్ళు తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను పెట్టి, గుక్క గుక్కగా నీళ్ళు పట్టించాము. కొంతసేపటికి తేరుకుని మాట్లాడింది. తర్వాత కూలరు విప్పి చూశాను. అందులో లోపమేమీ లేదు.

నీరు ఆవిరైతేనే చల్లదనం

మీ ముంజేతిని తడిచేసి నోటితో ఊదండి. చల్లగా లేదూ? కొత్తకుండలో నీళ్ళు చల్లబడేదీ ఇందుకే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. ఆ వేడిని అది చుట్టూ ఉన్న వాటినుంచి లాక్కుంటుంది. కూలరులో తడిసిన గడ్డిమీదుగా గాలి వెళ్ళేటప్పుడు నీరు ఆవిరై, ఆ గాలిలోని వేడినే తీసుకుంటుంది.

అయితే ఆ ఆవిరి ఎక్కడికి పోయింది? గాలిలోనే ఉన్నది! గది మూసేస్తే ఆ తేమగాలే మళ్ళీ మళ్ళీ కూలరులోకి వెళుతుంది. కాసేపటికి ఆ గాలి ఇక నీటిని తాగలేదు. నీరు ఆవిరి కాదు, గాలి చల్లబడదు. అంతేకాదు, మన చెమట కూడా ఆరదు. కనుక కూలరు వెనుకవైపు బయటిగాలికి తెరిచి ఉండాలి. ఎదుటివైపు కిటికీ తెరిచి, తేమగాలి పోవడానికి దారి ఇవ్వాలి.

రెండు థర్మామీటర్ల ప్రయోగం

మరి కిటికీలు తెరిస్తే రేపల్లెలో కూలరు తెనాలిలోలాగ పనిచేస్తుందా? మీరే తేల్చవచ్చు. ఒకే రకం థర్మామీటర్లు రెండు తీసుకోండి. ఒకదాని బల్బుకు పలుచని నూలుగుడ్డ చుట్టి, దాని కొసను నీళ్ళగిన్నెలో ఉంచండి. రెండింటినీ నీడలో, గాలి తగిలేచోట వేలాడదీయండి. పది నిముషాలయ్యాక చూడండి. తడి థర్మామీటరు తక్కువ చూపుతుంది. కూలరు ఎంత మంచిదైనా గాలిని ఆ తడి అంకె కంటె కిందికి దించలేదు. మంచి కూలరు రెంటికీ మధ్య తేడాలో సుమారు 80 శాతం వరకు దించుతుంది.

ఎండలకు పేరుమోసిన పల్నాటి రెంటచింతలలో ఒకనాడు 40 డిగ్రీల వేడి, 20 శాతం ఆర్ద్రత ఉన్నాయనుకోండి. తడి థర్మామీటరు దాదాపు 22 చూపుతుంది. కూలరు 26 డిగ్రీల గాలినిస్తుంది. రేపల్లెలో 34 డిగ్రీల వేడి, 70 శాతం ఆర్ద్రత ఉన్నాయనుకుంటే తడి అంకె 29. కూలరు ఇచ్చేది 30 డిగ్రీల గాలి, అదీ తేమతో బరువెక్కినది! యంత్రం ఒకటే, గాలి వేరు.

తెనాలిలో కూడా పడమటి వడగాలి వీచేనాడు కూలరు హాయిగా ఉంటుంది, సముద్రపుగాలి తిరిగితే చతికిలబడుతుంది. సూర్యలంక తీరానికి దగ్గరగా ఉన్న బాపట్ల వారికి ఇది మరీ బాగా తెలుసు. కనుక ఒక గుర్తు పెట్టుకోండి: తేడా పది డిగ్రీలు దాటితే కూలరు నడపండి. అయిదు లోపు ఉంటే నీటిపంపు ఆపి, ఫ్యాను మాత్రం తిప్పండి.

కూలరు తొట్టి ఒక ఉప్పుమడి

చినగంజాం ఉప్పుమళ్ళలో ఏం జరుగుతుంది? నీరు ఎగిరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. కూలరులోనూ అంతే. బోరునీటిలోని లవణాలు గడ్డిమీద తెల్లగా పేరుకుని గాలిదారిని మూసేస్తాయి. అందుచేత వారానికొకసారి తొట్టిని పూర్తిగా ఖాళీచేసి తోమాలి. పాతనీటిపైనే కొత్తనీరు పోస్తూ పోతే ఉప్పు పెరుగుతూనే ఉంటుంది. సున్నపు పొరమీద నిమ్మరసం వేసి చూడండి, బుసబుస పొంగుతుంది. ఆ వచ్చే వాయువు ఏమిటో మీకు తెలుసు! వారానికొకసారి ఎండగడితే డెంగీ దోమకూ అక్కడ చోటుండదు.

ఒక హెచ్చరిక: నీరూ, కరెంటూ ఒకే పెట్టెలో ఉన్నాయి. ప్లగ్గు పీకనిదే కూలరును తాకవద్దు, నీళ్ళు పోయవద్దు. ఎర్తు ఉన్న త్రీపిన్ ప్లగ్గే వాడాలి. విప్పే పని పెద్దలదే.

ఫ్యాను, ఏ.సి.

ఫ్యాను గాలిని చల్లబరచదు, చెమటను ఆర్పుతుంది. మనుషులు లేని గదిలో దానికి పనిలేదు. మెల్లగా తిరుగుతుంటే ముందు రెక్కల దుమ్ము తుడవండి. అప్పటికీ మారకపోతే, ఎలక్ట్రీషియన్లు కండెన్సరు అనే కెపాసిటరు బలహీనపడి ఉండవచ్చు. కొత్త ఫ్యాను కొనేటప్పుడు బి.ఎల్.డి.సి. రకం చూడండి. పాతవి సుమారు 75 వాట్లు తీసుకుంటే ఇవి 30 వాట్లతో సరిపెట్టుకుంటాయి.

1902లో విల్లిస్ కారియర్ రూపొందించిన ఏ.సి. ముందుగా ఉపయోగపడింది మనుషులకు కాదు, బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయపు కాగితాలకు. తేమవల్ల కాగితం సాగి రంగులు కుదిరేవి కావు. ఏ.సి. గొట్టంనుంచి కారే నీరు గాలినుంచి పిండిన తేమే. దాని జల్లెడను రెండు వారాలకొకసారి కడగాలి. ఇంకొక సంగతి. ఏ.సి.లోని గ్యాసు పెట్రోలులాగ ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. ఆ కంత మూయకుండా ఏటేటా గ్యాసు నింపించడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే.

ముందు ఇంటికి గొడుగు

ఏ యంత్రం కొనేముందైనా డాబాపై తెల్లసున్నం వేయండి, పడమటి గోడకు తాటాకు పందిరి కట్టండి. లోపలికి రాని వేడిని బయటికి పంపనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్నే ప్రకటించింది. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా వడగాడ్పులకు బలయ్యారు. కనుక ఇది సుఖానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

ఇప్పుడు బావగారి వసారాలో రెండు థర్మామీటర్లు వేలాడుతున్నాయి. వేసవిలో అప్పుడప్పుడూ ఫోను చేస్తారు: "ఈరోజు తేడా నాలుగే మాస్టారూ! పంపు ఆపేశాను, కిటికీలు తీశాను." మీ ఇంట్లో తేడా ఎంత? వచ్చే మే నెలంతా రోజూ మధ్యాహ్నం మూడింటికి రాసిపెట్టి, మీ కూలరు ఏ రోజున గెలిచిందో, ఏ రోజున ఓడిందో చూడండి.