సెన్సర్ పలకడం లేదా? పాడైందని పక్కన పెట్టేముందు ఇవి చూడండి

సైన్స్ ఎగ్జిబిషన్ రేపే. సెన్సర్ మీద లైటు వెలుగుతోంది, కంప్యూటర్‌లో మాత్రం అన్నీ సున్నాలే. మీ ఊరు గరివిడి లాంటిదైతే కొత్త సెన్సర్ కోసం విజయనగరమో, విశాఖపట్నమో వెళ్లాలి. కాస్త ఆగండి. సెన్సర్ పలకనంత మాత్రాన పాడైనట్టు కాదు.

నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన బడికి టింకరింగ్ ల్యాబ్ కోసం రూ.20 లక్షల వరకు సాయం అందుతుంది. 6 నుంచి 12వ తరగతి పిల్లలు అందులో పనిచేయొచ్చు. వచ్చే ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. ఇలాంటి చోట్ల పిల్లలు ఆర్డుయినో బోర్డుకు ఎంపీయూ-6050 అనే కదలికల సెన్సర్‌ను కలిపి ప్రాజెక్టులు చేస్తుంటారు. వంపు, కుదుపు, తిరగడం ఈ సెన్సర్ పసిగడుతుంది.

అది పలకకపోతే ఈ వరుసలో చూడండి. వైర్లు మార్చే ముందు యూఎస్‌బీ తీసేయండి.

1. స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలు వస్తున్నాయా? అది సెన్సర్ తప్పు కాదు. ప్రోగ్రామ్‌లో ఇచ్చిన బాడ్ రేటు, సీరియల్ మానిటర్‌లోని బాడ్ రేటు ఒకటే ఉండాలి.

2. వైర్లు సరిగ్గా ఉన్నాయా? ఆర్డుయినో యూనోలో ఎస్‌డీఏ ఏ4కు, ఎస్‌సీఎల్ ఏ5కు వెళ్లాలి. ఈ రెండూ తారుమారైతే మాట కలవదు. గ్రౌండ్ కూడా తప్పక కలపాలి.

3. పిన్నులకు టంకం వేశారా? చాలాచోట్ల చిక్కు ఇక్కడే. రంధ్రాల్లో పిన్నులు ఊరికే గుచ్చితే ఒకసారి తగులుతాయి, ఒకసారి తగలవు.

4. అడ్రస్ దొరుకుతోందా? ఆర్డుయినోలో ఐ2సీ స్కానర్ అనే చిన్న ప్రోగ్రామ్ నడపండి. 0ఎక్స్68 అని రావాలి. ఏడీ0 పిన్నుకు పవర్ అందితే అది 0ఎక్స్69 అవుతుంది. ప్రోగ్రామ్‌లోనూ అదే అడ్రస్ ఉండాలి. స్కానర్‌కు ఏమీ దొరకకపోతే మళ్లీ 2, 3 చూడండి.

5. అడ్రస్ దొరికినా అన్నీ సున్నాలేనా? సెన్సర్ నిద్రలో ఉండొచ్చు. పవర్ ఇచ్చినప్పుడు ఈ చిప్ నిద్రలోనే మొదలవుతుంది. ప్రోగ్రామ్ మొదట్లో 0ఎక్స్6బీ రిజిస్టర్‌లో సున్నా రాస్తేనే మేల్కొంటుంది.

ఇవన్నీ అయ్యాక అవే వైర్లకు అదే రకం సెన్సర్ ఇంకొకటి పెట్టి చూడండి. అది పలికి, ఇది పలకకపోతే అప్పుడు పాడైందనుకోవచ్చు. రెండూ పలకకపోతే లోపం వైర్లలోనో, బోర్డులోనో, ప్రోగ్రామ్‌లోనో ఉంది.

ఇంట్లో ప్రాజెక్టు చేసే పిల్లలుంటే ఈ పరీక్షలు వాళ్ల చేతే చేయించండి. తప్పు ఎక్కడుందో తామే పట్టుకున్న పిల్లలు ఇంకోసారి సెన్సర్ పలకకపోయినా బెదిరిపోరు.