ఉడుముకు పెద్దన్న!

నీళ్ల కోసం జింక కాలిబాట వెంట నడిచి వస్తోంది. పక్కనే ఎండుగడ్డిలో మట్టిరంగు దుంగలాంటిదేదో పడి ఉంది. జింక పట్టించుకోలేదు. మరో అడుగు వేసిందో లేదో... ఆ దుంగకు ప్రాణమొచ్చింది!

అదే కొమొడో డ్రాగన్. పేరు చూసి నిప్పులు కక్కుతుందనుకునేరు. మన చేలగట్ల మీద, తుప్పల్లో కనిపించే ఉడుముకు ఇది పెద్దన్నలాంటిది. శాస్త్రవేత్తల లెక్కలో రెండూ వరానస్ ప్రజాతికి చెందినవే. కాకపోతే ఇది 10 అడుగుల దాకా పెరుగుతుంది, సుమారు 70 కిలోల బరువు తూగుతుంది. ఇప్పుడు భూమ్మీద ఉన్న బల్లుల్లో అతి పెద్దది ఇదే. ఇండొనేషియాలోని కొమొడో, రింకా లాంటి కొన్ని దీవుల్లో, ఫ్లోరెస్ దీవిలోని కొన్నిచోట్ల తప్ప ప్రపంచంలో మరే అడవిలోనూ కనిపించదు. స్థానికులు 'ఓరా' అని పిలుచుకునే ఈ జీవి గురించి పీటర్ ఔవెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త 1912లో తొలిసారి శాస్త్రీయంగా రాశారు.

నాలుకతో వాసన

పాముకి ఉన్నట్టే దీనికీ చీలిన నాలుక ఉంటుంది. దాన్ని చాపి గాల్లోని వాసనను పట్టి, అంగిట్లో ఉండే ప్రత్యేక అవయవానికి అందిస్తుంది. నాలుక కుడి కొసకు వాసన ఎక్కువ తగిలితే కుడికి, ఎడమ కొసకు తగిలితే ఎడమకు తిరుగుతుంది. గాలి అనుకూలిస్తే కిలోమీటర్ల దూరంలో ఉన్న కళేబరం ఆచూకీ కూడా తెలిసిపోతుంది.

నోట్లో 60 దాకా పళ్లు... రంపంలా ఉంటాయి. వాటి అంచులకు ఇనుముతో కూడిన పూత ఉన్నట్టు 2024లో బయటపడింది. వాటితో మాంసాన్ని చీల్చడమే తప్ప నమలడం ఉండదు. చిన్న జంతువైతే అలాగే మింగేస్తుంది. గొంతులో ఇరుక్కుంటే చెట్టుకి ఆనించి మరీ లోపలికి తోస్తుంది. అంతసేపూ ఊపిరాడటానికి నాలుక కింద చిన్న గొట్టం ఉంటుంది.

తన బరువులో 80 శాతం దాకా ఒక్కపూటలో తినేయగలదు. అంటే 60 కిలోల మనిషి 48 కిలోల భోజనం చేసినట్టన్నమాట! ఆపైన ఎండలో పడుకుని నెమ్మదిగా అరిగించుకుంటుంది. అరగని కొమ్ములు, వెంట్రుకలు, పళ్లను ఉండలా కక్కేస్తుంది. ఆ కంపు తనకీ పడదేమో, మూతిని నేలకేసి రుద్దుకుంటుంది. పెద్ద డ్రాగన్‌కి ఏడాదికి ఇలాంటి విందులు 12 దొరికినా చాలు.

చంపేది మురికి కాదు

డ్రాగన్ కరిస్తే దాని నోట్లోని కుళ్లు బ్యాక్టీరియా వల్లే జంతువు చచ్చిపోతుందని చాలాకాలం నమ్మారు. 2009లో బ్రయాన్ ఫ్రై బృందం దీని కింది దవడలో విషగ్రంథులున్నాయని చూపించింది. ఆ విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, రక్తపోటును పడేస్తుంది. 2013లో జూలలోని డ్రాగన్ల నోళ్లను పరీక్షిస్తే మిగతా మాంసాహార జంతువుల్లో ఉండే బ్యాక్టీరియానే కనిపించింది. మరి కాటు తిన్న దున్నలకు పుండ్లు ఎందుకు కుళ్లేవి? దున్నలు ఈ దీవుల్లో పుట్టినవి కావు, మనుషులు తెచ్చినవి. గాయంతో వెళ్లి నిలవనీటి గుంటల్లో దిగేవి. చీము పట్టించింది ఆ మురికినీరే అంటారు ఫ్రై. అయితే వేటలో విషానిది ఎంత పాత్ర, లోతైన గాయానిది ఎంత అన్న వాదన ఇంకా తేలలేదు.

పిల్లలకు చెట్టే దిక్కు

ఆకలేస్తే డ్రాగన్ సొంత జాతి పిల్లల్నీ వదలదు. అందుకే గుడ్డులోంచి బయటికి రాగానే పిల్లలు చెట్టెక్కేస్తాయి. పురుగుల్ని, చిన్న బల్లుల్ని తింటూ అక్కడే పెరుగుతాయి. బరువైన పెద్దవి చెట్టెక్కలేవు కదా! తిండి కోసం కిందికి దిగాల్సివస్తే కళేబరం పేగుల్లోని మలంలో పొర్లుతాయి. పెద్దవాటికి ఆ వాసన గిట్టదు మరి.

ఇంత భయపెట్టే జీవికీ ఇప్పుడు భయం పట్టుకుంది. జింకలు తక్కువగా ఉన్న చిన్న దీవుల్లో డ్రాగన్లూ చిన్నగానే ఉండిపోతున్నాయి. పాడార్ దీవిలో వేటగాళ్లు జింకల్ని కొల్లగొట్టాక, 1970ల తర్వాత డ్రాగన్లే కనిపించకుండా పోయాయి. దీనికి తోడు వాతావరణ మార్పులతో సముద్రమట్టం పెరిగి, రాబోయే 45 ఏళ్లలో వీటికి అనువైన చోటు కనీసం 30 శాతం తగ్గిపోతుందని అంచనా. 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వీటిని అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చింది. అప్పటి లెక్క ప్రకారం మిగిలిన పెద్ద డ్రాగన్లు 1,400 లోపే.

వీటి కోసమే 1980లో కొమొడో జాతీయ పార్కును ఏర్పాటు చేశారు. అక్కడి కాపలాదారులు డ్రాగన్లతో పాటు జింకలనూ కాపాడాల్సి వస్తోంది. జింక లేని దీవిలో డ్రాగన్ ఎన్నాళ్లో బతకదని పాడార్ చెప్పకనే చెప్పిందిగా!