అడవి కోసం పెట్టిన చెవికి కాపలా ఎవరు?

జగదల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు గీదంలో రెండుగా చీలుతుంది. ఒకటి దంతెవాడ మీదుగా బైలాడిలా గనులకు, రెండోది బీజాపూర్, భోపాలపట్నం మీదుగా తెలంగాణ వైపు వెళుతుంది. మావోయిస్టులతో పోరు నడిచిన ఇలాంటి ప్రాంతంలో ముందస్తు సమాచారం ఎందరు జవాన్ల ప్రాణాలు నిలబెడుతుందో సైనికుడిగా నాకు తెలుసు. కాబట్టి నిఘా వద్దనను. ఆ నిఘాకు లెక్క అడిగేదెవరన్నదే నా ప్రశ్న.

ఇజ్రాయెల్ కంపెనీ ఎన్‌ఎస్‌ఓ తయారుచేసిన పెగాసస్ మీ ఫోన్లను లక్ష్యం చేసుకుందంటూ 2019లో వాట్సాప్ కొందరిని హెచ్చరించింది. వారిలో ఛత్తీస్‌గఢ్ హక్కుల కార్యకర్తలు, బస్తర్ ఆదివాసీల కేసులు చూసే న్యాయవాదులు ఉన్నారు. తమ సరుకు ప్రభుత్వాలకే అమ్ముతామని ఎన్‌ఎస్‌ఓ అంటోంది. మన ప్రభుత్వం వాడిందో లేదో కేంద్రం సుప్రీంకోర్టుకు కూడా చెప్పలేదు. జాతీయ భద్రత అన్నంత మాత్రాన మౌనంగా ఉండలేమంటూ 2021 అక్టోబరు 27న జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం సాంకేతిక కమిటీని వేసింది. పరీక్షించిన 29 ఫోన్లలో 5 ఫోన్లలో మాల్‌వేర్ కనిపించింది. అది పెగాససేనని మాత్రం తేలలేదు. కేంద్రం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది.

ఇక తెలంగాణ సంగతి. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి ఏర్పడిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో నాయకులు, వ్యాపారులు, న్యాయమూర్తుల ఫోన్లు సైతం విన్నారన్నది 2024లో బయటపడిన ట్యాపింగ్ కేసులో ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కానీ అడవి కోసం పెట్టిన చెవి నగరం వైపు తిరిగితే పట్టుకునే ఏర్పాటు మన దగ్గర ఉందా?

2024 డిసెంబరు నిబంధనల ప్రకారం ట్యాపింగ్‌కు ఆదేశం ఇచ్చేది హోంశాఖ కార్యదర్శి. సమీక్షించేదీ కార్యదర్శుల కమిటీయే. అందులో న్యాయమూర్తి లేరు. రెండు నెలలకోసారి కూర్చునే ఈ తరహా కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు చూడాల్సి వస్తోందని జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లోనే ఎత్తిచూపింది. అది సమీక్ష కాదు, సంతకాల తంతు.

ఫైరింగ్ రేంజ్‌లో మేం కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు కూడా లెక్కపెట్టి తిరిగి జమ చేసేవాళ్లం. జవాన్ల మీద నమ్మకం లేక కాదు, ఆయుధానికి లెక్క ఉండాలి గనుక. పెగాసస్ కూడా ఆయుధమే.

న్యాయమూర్తి అనుమతి అంటే ఆపరేషన్లు ఆలస్యమవుతాయన్న వాదనకు బ్రిటన్ 2016 చట్టం జవాబు చెప్పింది. అక్కడ మంత్రి సంతకానికి న్యాయ కమిషనర్ ఆమోదం తోడవ్వాలి. అత్యవసరమైతే ముందు మొదలుపెట్టి, మూడు పనిదినాల్లోగా ఆ ఆమోదం తెచ్చుకోవాలి. మనకూ అలాంటి ఏర్పాటు కావాలి. ఏటా ఎన్ని ఆదేశాలిచ్చారో, ఎన్ని తిరస్కరించారో పార్లమెంటుకు చెప్పాలి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు.

బస్తర్‌లో అసలైన సమాచారం యంత్రం నుంచి కాదు, మనిషి నుంచి వస్తుంది. తన వకీలు ఫోన్‌ను కూడా సర్కారు వింటోందని అనుమానించే ఆదివాసీ, రేపు అడవిలో ఏం చూసినా మనకు చెప్పడు.