భాగం – 9 : మేనిచాయకు నప్పే జుట్టు రంగు – ఎంపిక సూత్రాలు

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 మేనిచాయ, లోచాయ
9.3 పక్కపక్క రంగుల ప్రభావం
9.4 జుట్టు రంగు : స్థాయి, షేడ్
9.5 ఎంపిక విధానం
9.6 నెరిసిన జుట్టు
9.7 రంగు పదార్థాలు, భద్రత
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి : నమూనా సమాధానాలు
9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు :
• మేనిచాయకూ లోచాయకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ఒక రంగు పక్కన మరో రంగు ఎందుకు మారినట్లు కనిపిస్తుందో చెప్పగలుగుతారు.
• మీకుగాని, మీ వద్దకు వచ్చిన వారికిగాని నప్పే జుట్టు రంగును ఒక క్రమంలో ఎంపిక చేయగలుగుతారు.
• రంగు వేసే ముందు పాటించవలసిన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

9.1 పరిచయం

గడచిన భాగంలో మేనిచాయకు తగిన వస్త్రాల ఎంపికను గురించి తెలుసుకున్నారు. చీర రంగు నప్పకపోతే సాయంత్రానికి మార్చుకోవచ్చు. జుట్టు రంగు నప్పకపోతే అది పెరిగి, కత్తిరించేదాకా భరించాలి. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. అందువల్ల ఇక్కడ ఆలోచన ముందు, ఆచరణ తరువాత ఉండాలి.

జుట్టు రంగులను గురించిన సలహాలలో చాలా భాగం తెల్లని చర్మం, లేత జుట్టు గల సమాజాలలో పుట్టినవి. మనిషి రంగులను నాలుగు రుతువులుగా విభజించే పద్ధతి 1980లలో పాశ్చాత్య దేశాలలో బాగా ప్రచారం పొందింది. నల్లని జుట్టు, ముదురు కళ్లు ఉన్నవారిని అది దాదాపు ఒకే గుంపులో చేరుస్తుంది. మన ఇళ్లలో ఒకే కుటుంబంలో పసిమి చాయ, చామనచాయ, నలుపు మూడూ కనిపిస్తాయి. వీరందరికీ ఒకే సలహా సరిపోదు.

మరో విషయం మొదటే స్పష్టం చేసుకోవాలి. మనిషిని తెల్లగా కనిపించేటట్లు చేయడం ఈ భాగం ఉద్దేశం కాదు. ఉన్న చాయ తేటగా, ముఖం అలసట లేకుండా కనిపించడమే ‘నప్పడం’. ‘నల్లగా ఉన్నవారికి రంగులు నప్పవు’ అనే మాటకు శాస్త్రీయమైన ఆధారం లేదు.

9.2 మేనిచాయ, లోచాయ

చర్మం రంగుకు ముఖ్యంగా మూడు పదార్థాలు కారణం. మొదటిది మెలనిన్. ఇది గోధుమ, నలుపు రంగులను ఇస్తుంది. రెండవది రక్తంలోని హిమోగ్లోబిన్. ఇది ఎరుపును ఇస్తుంది. మూడవది ఆహారం ద్వారా వచ్చే కెరోటిన్ వర్గపు పదార్థాలు. ఇవి పసుపును ఇస్తాయి. మెలనిన్‌ను తయారుచేసే కణాల సంఖ్య మనుషులందరిలోనూ దాదాపు సమానమే. అవి తయారుచేసే మెలనిన్ పరిమాణం, రకం, పంపకం మాత్రమే వేరు.

చర్మం ఎంత లేతగా లేదా ఎంత ముదురుగా ఉందో చెప్పేది మేనిచాయ. ఆ చాయ వెనుక పసుపు కనిపిస్తుందా, ఎరుపు కనిపిస్తుందా, లేత ఆకుపచ్చ జాడ ఉందా అనే దానిని సెలూన్లలో అండర్‌టోన్ అంటారు. ఈ పాఠంలో దానిని లోచాయ అందాం. మేనిచాయ ఎండకు మారుతుంది. లోచాయ అంత సులభంగా మారదు. ఇద్దరు చామనచాయ వారిలో ఒకరిది పసుపు లోచాయ, మరొకరిది ఎరుపు లోచాయ కావచ్చు.

లోచాయను గుర్తించడానికి మణికట్టు మీది నరాల రంగు చూడమని చెబుతారు. ముదురు చర్మంలో నరాలు స్పష్టంగా కనిపించవు కనుక ఈ పరీక్ష మనలో చాలామందికి ఉపయోగపడదు. బంగారం నప్పుతుందా, వెండి నప్పుతుందా అనే పరీక్షలోనూ చిక్కు ఉంది. చిన్ననాటి నుంచి బంగారాన్నే అందంగా చూడటం అలవాటైన కన్ను నిష్పక్షపాతంగా తీర్పు చెప్పలేదు.

వీటికంటె తెల్ల కాగితం పరీక్ష మేలు. ముఖం ఎండకు కమిలి ఉండవచ్చు కనుక చెవి వెనుక, దవడ కింద ఉన్న చర్మాన్ని చూడాలి. ఆ చర్మం పక్కన తెల్ల కాగితం ఉంచి, కిటికీ వెలుతురులో పరిశీలించాలి. తెలుపు పక్కన చర్మంలోని పసుపు, ఎరుపు, ఆకుపచ్చ జాడ బయటపడుతుంది. ముఖానికి, మెడకు పసుపు రాసుకునే అలవాటు ఉన్నవారు ఆ జాడ పూర్తిగా పోయిన తరువాతే ఈ పరీక్ష చేసుకోవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక : మీ సమాధానాన్ని ఈ భాగం చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
1. లోచాయ పరీక్షకు ముఖం కంటె చెవి వెనుక చర్మం ఎందుకు మేలు?

9.3 పక్కపక్క రంగుల ప్రభావం

మిషెల్ యూజీన్ షెవ్రల్ ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. 1824లో ఆయన పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకం విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడి నల్ల దారం నీలం, ఊదా దారాల పక్కన తగినంత నల్లగా లేదన్న ఫిర్యాదు ఆయన వద్దకు వచ్చింది. పరిశీలిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కనున్న రంగు వల్లనే కంటికి నలుపు వెలిసినట్లు కనిపించింది. ఈ పరిశీలనల నుంచే 1839లో ఆయన సమకాలిక వైరుధ్య సూత్రాన్ని గ్రంథరూపంలో వివరించారు. ఒక రంగు తన పక్కనున్న రంగును తనకు వ్యతిరేక దిశలోకి నెడుతుందన్నది దాని సారం.

జుట్టు ముఖానికి చట్రం వంటిది. కాబట్టి ఈ సూత్రం ఇక్కడ రెండు విధాలుగా వర్తిస్తుంది.

(అ) వెలుగు నీడల వైరుధ్యం : చాలా ముదురు జుట్టు పక్కన చర్మం కొంత లేతగా కనిపిస్తుంది. లేత జుట్టు పక్కన అదే చర్మం మరింత ముదురుగా కనిపిస్తుంది. చామనచాయ గల వ్యక్తి తెల్లగా కనిపించాలని జుట్టును బంగారు రంగుకు మార్చుకుంటే, ఫలితం తరచు కోరినదానికి విరుద్ధంగా ఉంటుంది.

(ఆ) వర్ణ వైరుధ్యం : ఎరుపుకు వ్యతిరేకం ఆకుపచ్చ. గాఢమైన ఎరుపు జుట్టు పక్కన, ఆకుపచ్చ జాడ ఉన్న చర్మంలో ఆ జాడ పెరిగినట్లు అనిపించవచ్చు.

అయితే వైరుధ్యం ఒక్కటే పనిచేయదు. దగ్గరి రంగులను కన్ను కలిపి చూస్తుంది కూడా. పసుపు లోచాయ పక్కన కొద్దిపాటి వెచ్చదనం గల గోధుమ రంగు పొందికగా అనిపించడానికి ఇదే కారణం. రంగు తీవ్రత తక్కువైతే సాధారణంగా పొందిక కనిపిస్తుంది. తీవ్రత పెరిగేకొద్దీ వైరుధ్యం ముందుకు వస్తుంది. కాబట్టి ‘పసుపు లోచాయకు ఇది, ఎరుపు లోచాయకు అది’ అనే పట్టికలు ఆరంభానికి మాత్రమే పనికివస్తాయి. తీర్పు అద్దం ముందు జరగాలి.

9.4 జుట్టు రంగు : స్థాయి, షేడ్

రంగు పెట్టె మీద ఉండే అంకెకు అర్థం తెలుసుకోవాలి. సాధారణంగా 1 అంటే నలుపు, 10 అంటే మిక్కిలి లేత బంగారు రంగు. దీనిని స్థాయి అంటారు. మన జుట్టు ఎక్కువగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. చుక్క తరువాతి అంకె షేడ్‌ను, అంటే బూడిద, బంగారు, రాగి, ఎరుపు వంటి వాటిని తెలుపుతుంది. ఈ రెండవ అంకె అర్థం కంపెనీని బట్టి మారుతుంది కనుక పెట్టె మీది వివరాన్ని చదవాలి.

శాశ్వత రంగులో అమ్మోనియా వంటి క్షారం వెంట్రుక పైపొరను విప్పుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపలి మెలనిన్‌ను కొంత వెలిసిపోయేటట్లు చేస్తుంది. రంగు అణువులను ఆక్సీకరణం చేసి పెద్దవిగా కలుపుతుంది. పెద్దవైన అణువులు బయటికి రాలేవు. 20 వాల్యూమ్ అని రాసి ఉంటే 6 శాతం పెరాక్సైడ్ అని అర్థం. దానితో జుట్టు ఒకటి రెండు స్థాయిలు మాత్రమే లేతబడుతుంది. 2వ స్థాయి జుట్టు మీద 8వ స్థాయి పెట్టె వాడితే బొమ్మలోని రంగు రాకపోవడానికి కారణం ఇదే. అంత లేతబడాలంటే బ్లీచ్ చేయాలి. నల్లని జుట్టు వెలిసేటప్పుడు మొదట ఎరుపు, తరువాత నారింజ, చివర పసుపు బయటపడతాయి. బ్లీచ్ వల్ల వెంట్రుక బలహీనపడి, గరుకుగా మారుతుంది.

9.5 ఎంపిక విధానం

1. ఉదయం వేళ, నేరుగా ఎండ పడని కిటికీ వద్ద కూర్చోండి. ట్యూబ్‌లైటు ఆర్పండి. ముఖానికి పౌడరు, క్రీము ఉండరాదు.
2. నలుపు, ముదురు గోధుమ, రాగి గోధుమ, బర్గండీ రంగుల జాకెట్టు ముక్కలు లేదా చున్నీలు సిద్ధం చేసుకోండి.
3. ఒక్కొక్క గుడ్డను జుట్టు పూర్తిగా కప్పేటట్లు, ముఖానికి అంచులా తలకు చుట్టండి.
4. మరొకరి చేత చూడమనండి. కంటి కింది నలుపు, నోటి చుట్టూ ఉన్న మచ్చలు తగ్గినట్లున్నాయా, పెరిగినట్లున్నాయా? చూపు మొదట కళ్ల మీదికి వెళ్తోందా, గుడ్డ మీదికి వెళ్తోందా? గుడ్డ మీదికి వెళ్తే ఆ రంగు తీవ్రత ఎక్కువని అర్థం.
5. నప్పిన గుడ్డతో రాత్రి దీపం వెలుగులోనూ ఒకసారి చూడండి. బర్గండీ వంటి ముదురు ఎరుపులు ఎండలో మెరిసి, ఇంట్లో నలుపుగానే కనిపిస్తాయి.

ఉదాహరణ 1 : ఇరవై రెండేళ్ల విద్యార్థిని, చామనచాయ, పసుపు లోచాయ, 2వ స్థాయి జుట్టు, బంగారు రంగు కోరుతోంది. ఇందుకు బ్లీచ్ తప్పదు. నెల తిరగకుండానే నల్లని మొదళ్లు కనిపిస్తాయి. 4వ స్థాయి వెచ్చని గోధుమ రంగును జుట్టు చివర్లకు, కొన్ని పాయలకు మాత్రమే వేయడం మంచి ఎంపిక. పెరిగే మొదళ్లు సహజ రంగులోనే ఉంటాయి కనుక మళ్లీ మళ్లీ వేయవలసిన పని లేదు.

ఉదాహరణ 2 : ముప్పై అయిదేళ్ల ఉద్యోగిని, ముదురు నలుపు చాయ, ఎరుపు లోచాయ. 3వ స్థాయి బర్గండీ ఇక్కడ పరీక్షించదగినది. ముదురు చర్మం గాఢమైన ఎరుపుల పక్కన నిండుగా కనిపించే సందర్భాలు చాలా ఉన్నాయి. గుడ్డ పరీక్షలో సహజమైన నలుపే మేలనిపిస్తే, ఏ రంగూ వేయకపోవడం కూడా సరైన ఎంపికే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
2. 2వ స్థాయి జుట్టు మీద 8వ స్థాయి రంగు నేరుగా ఎందుకు రాదు?

9.6 నెరిసిన జుట్టు

మన ప్రాంతంలో జుట్టుకు రంగు వేసేవారిలో చాలామంది నెరుపును కప్పడానికే వేస్తారు. దాదాపు అందరూ ఎంచుకునేది 1వ స్థాయి నలుపు. యవ్వనంలో జుట్టు నలుపే కదా అన్నది వారి తర్కం. కాని సహజమైన జుట్టులో ప్రతి వెంట్రుకా ఒకే నలుపు కాదు. రంగు వేసిన జుట్టు అంతా ఒకే ముద్దగా ఉంటుంది. వయసుతో చర్మంలోనూ ముడతలు, మచ్చలు వస్తాయి. గట్టి నలుపు పక్కన అవి మరింత కొట్టొచ్చినట్లు కనిపించవచ్చు. జుట్టు పలచబడిన చోట నల్లని వెంట్రుకల మధ్య లేత రంగు మాడు బయటపడుతుంది. రెండు మూడు వారాలకే పాపిట వెంట తెల్లని గీత తేలుతుంది.

ఉదాహరణ 3 : యాభై ఎనిమిదేళ్ల వ్యక్తి, గోధుమ చాయ, మూడింట రెండు వంతులు నెరిసిన జుట్టు. ఇక్కడ 3 లేదా 4వ స్థాయి గోధుమ రంగు మాడుకూ, మొదళ్ల తెలుపుకూ మధ్య వైరుధ్యాన్ని తగ్గిస్తుంది. రంగు మానాలనుకుంటే ఒక్కో విడతకు ఒక స్థాయి లేత షేడ్ వేస్తూ వెళ్తే తేడా మెల్లగా కలిసిపోతుంది. తెలుపు కూడా ఒక రంగే. ముదురు చాయ పక్కన వెండి జుట్టు ఎంతో స్ఫుటమైన వైరుధ్యాన్ని ఇస్తుంది.

9.7 రంగు పదార్థాలు, భద్రత

గోరింటాకులోని లాసోన్ వెంట్రుకలోని కెరాటిన్‌తో కలిసి నారింజ ఎరుపును ఇస్తుంది. నల్లని జుట్టును ఇది లేతపరచదు. తెల్ల వెంట్రుకను మాత్రం నారింజగా మారుస్తుంది. గోరింట తరువాత నీలి ఆకు పొడి పెడితే గోధుమ నుంచి నలుపు వరకు వస్తుంది. గోరింట ఒక్కటే ఎన్నడూ నలుపునివ్వదు. ‘నల్ల హెన్నా’ అని అమ్మే పొడులలో తరచు పీపీడీ, అంటే పారాఫినిలీన్‌డయమిన్ అనే రసాయనం ఉంటుంది. ముదురు శాశ్వత రంగులు చాలావాటిలో ఉండేదీ ఇదే. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం తలకు రాసే మిశ్రమంలో ఇది 2 శాతానికి మించరాదు.

పీపీడీ కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది. ఏళ్లుగా పడినవారికి కూడా ఒకనాడు పడకపోవచ్చు. ఇది ఆలస్యంగా బయటపడే అలర్జీ. కాబట్టి :
• ప్రతిసారీ రంగు వేయడానికి 48 గంటల ముందు, పెట్టెలోని సూచనల ప్రకారం చెవి వెనుక లేదా మోచేతి మడతలో కొద్దిగా రాసి చూడాలి. దురద, ఎరుపు, వాపు వస్తే ఆ రంగును వాడరాదు.
• కనుబొమలకు, కనురెప్పలకు తలరంగు వేయరాదు. పుండ్లు, గీతలు ఉన్న మాడు మీద వేయరాదు. చేతి తొడుగులు తప్పనిసరి.
• ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
• రంగు కడుపులోకి పోతే గొంతు వాచి శ్వాస ఆగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఇంటి వైద్యంతో కాలయాపన చేయక, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. రంగు పొట్లాలను ఇంట్లో తాళం వేసి ఉంచాలి.

బ్యూటీ పార్లరు నడిపే విద్యార్థులు ‘ఇంతకు ముందు వేసుకున్నారుగా’ అని ఈ పరీక్షను వదిలివేయరాదు. రంగు ఎంత నప్పినా ఒంటికి పడకపోతే అది సరైన ఎంపిక కాదు.

9.8 సారాంశం

మేనిచాయ చర్మపు ముదురుదనాన్ని, లోచాయ దాని వెనుక ఉన్న వర్ణాన్ని తెలుపుతాయి. పక్కనున్న రంగును బట్టి చర్మం రంగు మారినట్లు కనిపిస్తుంది. లేత జుట్టు పక్కన చర్మం ముదురుగా అనిపిస్తుంది. సహజ స్థాయికి ఒకటి రెండు స్థాయిల లోపల ఉండే రంగులు జుట్టుకు తక్కువ హాని చేస్తాయి. నెరుపుకు గట్టి నలుపు ఒక్కటే మార్గం కాదు. గుడ్డ పరీక్ష వల్ల నప్పేది, 48 గంటల చర్మ పరీక్ష వల్ల పడేది తెలుస్తాయి. రెండూ పూర్తయిన తరువాతే పెట్టె తెరవాలి.

9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి : నమూనా సమాధానాలు

1. ముఖం ఎండకు కమిలి ఉండవచ్చు. చెవి వెనుక చర్మానికి ఎండ తక్కువగా తగులుతుంది కనుక లోచాయ స్పష్టంగా తెలుస్తుంది.
2. 6 శాతం పెరాక్సైడ్ జుట్టును ఒకటి రెండు స్థాయిలే లేతపరుస్తుంది. మిగిలిన స్థాయిలకు బ్లీచ్ అవసరం.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సమకాలిక వైరుధ్య సూత్రాన్ని వివరించి, జుట్టు రంగు ఎంపికకు దానిని అన్వయించండి.
2. మీ కుటుంబంలో వేర్వేరు మేనిచాయలు గల ఇద్దరికి గుడ్డ పరీక్ష జరిపి, ఫలితాలను సకారణంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రంగు స్థాయి, షేడ్ అంటే ఏమిటి?
2. నెరిసిన జుట్టుకు 1వ స్థాయి నలుపు వేయడంలోని ఇబ్బందులు ఏవి?
3. జుట్టుకు రంగు వేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలను పేర్కొనండి.