200 మీటర్ల నీళ్లు... ప్రాచీ యాదవ్ తెడ్డు

టోక్యో పారాలింపిక్స్, 2021 సెప్టెంబరు 3. మహిళల పారా కనోయింగ్ వీఎల్‌2 200 మీటర్ల ఫైనల్ ఫలితాల పత్రంలో ప్రాచీ యాదవ్ పేరు అన్నిటికంటే కింద, ఎనిమిదో వరుసలో ఉంటుంది. స్థానం చూసి పేజీ తిప్పేసేవాళ్లకు ఆమె కథ అక్కడితో సరి. పక్క గడిలో ఉన్న టైమింగు చదివితే మాత్రం వదలబుద్ధి కాదు.

అంతకు ముందురోజు హీట్‌లో ఆమె 1 నిమిషం 11.098 సెకన్లు తీసుకుంది. మర్నాడు సెమీఫైనల్‌లో అది 1:07.397కి దిగింది. ఒక్క రాత్రి గడిచేసరికి మూడున్నర సెకన్లకు పైగా తగ్గింది! మూడో స్థానంతో ఫైనల్‌కు వెళ్లి, అదే రోజు మళ్లీ పడవెక్కి 1:07.329లో ముగించింది. అలసిన భుజాలతో సెమీస్ కంటే వేగంగా వెళ్లింది. అయినా ఎనిమిదో స్థానమే, ఎందుకంటే ముందున్నవాళ్లు అంత ముందున్నారు. స్వర్ణం గెలిచిన బ్రిటన్ క్రీడాకారిణి ఎమ్మా విగ్స్ టైమింగు 57.028. సగటు వేగంతో లెక్క కడితే, విగ్స్ గీత దాటే వేళకు ప్రాచీకి ఇంకా ముప్పై మీటర్ల దూరం ఉంది.

ఆ ముప్పై మీటర్లను చూసి జాలిపడాల్సిన పని లేదు. పారాలింపిక్స్ కనోయింగ్‌లో మన దేశం తరఫున పోటీపడిన మొదటి వ్యక్తి ఆమే. వెనక్కి తిరిగి చూసుకుందామంటే పారాలింపిక్స్ దారిలో ఈ ఆటలో ఆమెకు ముందు నడిచిన భారతీయులెవరూ లేరు.

ప్రాచీ 1995లో గ్వాలియర్‌లో పుట్టింది. పుట్టుకతోనే నడుము కింది భాగం చచ్చుబడింది. చిన్నతనంలోనే తల్లి పోయింది. మొదట ఈతలో రాణించింది. చేతులు పొడుగ్గా ఉన్నాయని గమనించిన కోచ్ వీరేందర్ కుమార్ దబాస్ కనోయింగ్ ప్రయత్నించమన్నారు. 2018లో ఆట మారింది, సాధన భోపాల్ ఛోటా తాలాబ్‌కు మారింది. అక్కడ మయాంక్ ఠాకూర్ శిక్షణ ఇచ్చారు. ఇక ఆట చరిత్ర అంటారా? ఒలింపిక్స్‌లోకి 1936లో, పారాలింపిక్స్‌లోకి 2016లో వచ్చింది. ఆసియా క్రీడల్లో మనకు 1994 హిరోషిమాలో ఒక కాంస్యం, మళ్లీ 2023 హాంగ్‌జౌలో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ జోడీకి ఇంకో కాంస్యం దక్కాయి. మధ్యలో ఇరవై తొమ్మిదేళ్లు ఖాళీ.

అదే హాంగ్‌జౌలో, అదే ఏడాది అక్టోబరులో ఆసియా పారా క్రీడలు జరిగాయి. వీఎల్‌2లో ప్రాచీ 1:03.147తో రజతం గెలిచింది. నీళ్లు వేరు, గాలి వేరు, కాబట్టి రెండు చోట్ల టైమింగులను తూకం వేసి పోల్చలేం. అయినా టోక్యో ఫైనల్ కంటే నాలుగు సెకన్లు తక్కువ! మర్నాడు కయాక్ కేఎల్‌2లో 54.962 సెకన్లకు గీత దాటి స్వర్ణం పట్టేసింది. ఆ ఏడాదికి అర్జున అవార్డు కూడా వచ్చింది. 2024 పారిస్‌లో మళ్లీ ఫైనల్‌కు చేరింది, 1:08.55తో మళ్లీ ఎనిమిదో స్థానం. విగ్స్ మళ్లీ స్వర్ణం గెలిచింది. రెండు పారాలింపిక్స్, రెండు ఫైనళ్లు. ఇది చిన్న సంగతని ఎవరైనా అంటే ఈ కథనం ఒప్పుకోదు.

మానేరు గట్టున ఒక ప్రశ్న

ప్రాచీ సొంత రాష్ట్రం మధ్యప్రదేశ్‌కు సముద్రం లేదు. తెలంగాణకూ లేదు. ప్రాచీ సాధన చేసిన ఛోటా తాలాబ్ 18వ శతాబ్దంలో కట్ట పోసి నిలిపిన చెరువే. కరీంనగర్ పక్కన అలుగునూరు దగ్గర 24 టీఎంసీల దిగువ మానేరు జలాశయం ఉంది. అటు నిర్మల్ జిల్లాలో కడెం ఉంది. ఈ నీళ్లమీద తెప్పలేసుకుని వలలు విసిరే గంగపుత్రుల, ముదిరాజుల ఇళ్లలో తెడ్డు పట్టడం ఎవరూ కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. కావలసింది తేలే బంతులతో గీసిన 200 మీటర్ల లేన్లు, గడియారం పట్టుకుని రోజూ వచ్చే కోచ్. వీల్‌చైర్ నేరుగా పడవ అంచుదాకా వెళ్లేలా వాలుగా కట్టిన రేవు కూడా కావాలి. ఇవేవీ ప్రాజెక్టు కట్టినంత పని కాదు. ఛోటా తాలాబ్ ఇచ్చిన అవకాశం మానేరు ఎందుకు ఇవ్వకూడదు?

రెండు పడవలు, రెండు తీర్లు

కయాక్‌లో తెడ్డుకు రెండు వైపులా రెక్కలుంటాయి. కుడిఎడమలుగా మార్చి మార్చి వేస్తారు, అందుకే వేగం ఎక్కువ. వా పడవకు పక్కన ఒక తేలే దుంగ అమర్చి ఉంటుంది. తెడ్డుకు ఒకటే రెక్క, వెనక చుక్కాని ఉండదు. ఒకవైపే తెడ్డేస్తూ పడవ వంకర పోకుండా చూసుకోవాలి. కాళ్ల ఊతం లేనప్పుడు ఆ భారమంతా నడుము పైభాగం, భుజాలే మోస్తాయి. కేఎల్ అంటే కయాక్, వీఎల్ అంటే వా. పక్కనున్న అంకె తగ్గేకొద్దీ శరీరంలో కదలిక తక్కువని గుర్తు. కేఎల్‌1లో చేతులు, భుజాలే ఆధారం. ప్రాచీ తరగతి 2. మహిళల వా పోటీ పారాలింపిక్స్‌లో మొదటిసారి జరిగింది టోక్యోలోనే.