ఖాళీ సీసా బరువెంత?

కూల్‌డ్రింక్ తాగేశాక ఆ ఖాళీ సీసాని పారేయకుండా ఒకసారి మెడ దగ్గర చూడండి. పదిహేనేళ్ల కిందటి సీసా గుర్తుంటే తేడా తెలుస్తుంది. మూత బిగించే మరల భాగం పొట్టిదైంది, మూతా పొట్టిదైంది. పొట్ట దగ్గర కాస్త నొక్కితే కరకరమంటూ లోపలికి పోతుంది. కంపెనీలు దీన్ని ‘లైట్‌వెయిటింగ్’ అంటాయి. సీసాకి గ్రామో రెండు గ్రాములో మిగిలినా, ఏటా కోట్ల సీసాలు అమ్మేవాడికి అది పెద్ద ఆదా. పైగా పర్యావరణ నివేదికలో చెప్పుకోవడానికీ పనికొస్తుంది.

అదే సీసా మన పేటలోని పాత సామాన్ల కొట్టుకు చేరేసరికి లెక్క తిరగబడుతుంది. ఏరుకొచ్చేవాళ్లకు అక్కడ డబ్బులిచ్చేది కాటా మీద, కిలోల లెక్కన. సీసా 20 గ్రాములుంటే 50 ఏరితే కిలో అవుతుంది. 16 గ్రాములకు దిగితే 60కి పైనే ఏరాలి. అదే కూలికి మరో పదమూడు సార్లు నడుం వంచాలన్నమాట. కంపెనీ తగ్గించిన ఆ బరువు ఎవరి మీద పడిందో నివేదికలు రాసేవాళ్లకు పట్టదు.

పెద్ద కంపెనీ సంగతే చూద్దాం. 2018 జనవరిలో కోకా-కోలా ఒక ప్రతిజ్ఞ చేసింది. 2030 నాటికి తాము అమ్మే ప్రతి సీసాకీ, ప్రతి క్యానుకీ సమానంగా ఒకదాన్ని వెనక్కి సేకరించి రీసైకిల్ చేయిస్తామంది. ప్యాకింగ్‌లో సగం రీసైకిల్ అయిన సరుకే వాడతామంది. 2017లో ఆ కంపెనీ వాడిన ప్లాస్టిక్ ప్యాకింగ్ 30 లక్షల టన్నులు. ఆ అంకె 2019లో కంపెనీ బయటపెడితేనే లోకానికి తెలిసింది. 2022లో మరో మాట కలిపింది: 2030కల్లా 25 శాతం పానీయాలు మళ్లీ మళ్లీ నింపుకునే సీసాల్లోనో గ్లాసుల్లోనో అమ్ముతామని. 2024 డిసెంబరు వచ్చేసరికి గడువు 2035కి జరిగింది. నూటికి నూరు సేకరిస్తామన్నది 70–75 శాతమైంది. సగం అన్న రీసైకిల్ సరుకు 35–40 శాతానికి దిగింది. మళ్లీ నింపే సీసాల లక్ష్యమైతే జాబితాలోంచే పోయింది.

మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ పెట్ (కూల్‌డ్రింక్ సీసాల ప్లాస్టిక్) సీసాల్లో 90 శాతం దాకా రీసైక్లింగ్‌కు చేరుతున్నాయని పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీ కొన్నేళ్ల కిందటే అంచనా వేసింది. ఏ కంపెనీ ప్రతిజ్ఞా పుట్టకముందు నుంచీ జరుగుతున్న పని ఇది. కారణం ఒక్కటే, పెట్‌కు రేటు ఉంది. చిప్స్ ప్యాకెట్‌కు రేటు లేదు కాబట్టి అది కాలువలోనే ఉండిపోతుంది.

సామాన్ల కొట్టు వెనకవైపు ఓ పది నిమిషాలు నిలబడితే సీసా తయారీలో లోపాలన్నీ బయటపడతాయి. ఆడవాళ్లు నేల మీద కూర్చుని మూత తిప్పి ఒక గోతంలో వేస్తారు, చిన్న కత్తితో లేబుల్ చీలుస్తారు. తెల్ల సీసా ఒక కుప్ప, ఆకుపచ్చది మరో కుప్ప. రంగు సీసాకు రేటు తక్కువ, ఎందుకంటే దాంతో మళ్లీ తెల్ల సీసా చేయలేరు. అమెరికాలో స్ప్రైట్ అరవై ఏళ్లు దాటిన ఆకుపచ్చ సీసాని 2022లో వదిలేసి తెల్ల సీసాకు మారింది అందుకే. లేబుల్‌తో ఇంకో తంటా. సీసాలను తునకలు చేసి నీళ్ల తొట్టిలో వేస్తే పెట్ మునుగుతుంది, మూతల ప్లాస్టిక్ తేలుతుంది, సులువుగా విడిపోతాయి. లేబుల్ పీవీసీదైతే అదీ పెట్‌తో పాటే మునుగుతుంది. అది కొద్దిగా కలిసినా కరిగించేటప్పుడు సరుకంతా పాడవుతుంది. లేబుల్ దేంతో చేయాలో నిర్ణయించేది కంపెనీ. దాన్ని గీరి తీసేది మాత్రం ఈ ఆడవాళ్లు.

ఇన్నాళ్లూ మన దగ్గర పాత సీసాల్లో ఎక్కువ భాగం నూలు పోగులై దుప్పట్లలోకి, టీ షర్టుల్లోకి పోయేది. బట్ట అయ్యాక అది మళ్లీ సీసా కావడం కష్టం. తిండి, తాగునీటి ప్యాకింగ్‌కు రీసైకిల్ పెట్ వాడకానికి 2022లో ఆహార భద్రతా సంస్థ దారి తెరిచింది. 2023లో కోకా-కోలా కిన్లే లీటరు సీసాని నూరు శాతం రీసైకిల్ పెట్‌తో తెచ్చింది, పెప్సీ కూడా అదే బాట పట్టింది. ఈ మార్పులో తెలుగు నేలకూ వాటా ఉంది. హైదరాబాద్‌లోని శ్రీచక్ర పాలీప్లాస్ట్, వరంగల్ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోని గణేశ ఎకోపెట్ ఈ రంగంలో పేరున్న కర్మాగారాలు. తునకలను వేడి నీళ్లలో కడిగి, కరిగించి గింజలుగా చేసి, ఆ గింజలను మళ్లీ చాలా గంటల పాటు వేడి చేస్తారు. అలా వేడి చేస్తేనే పెట్ తన పాత బలం తెచ్చుకుంటుంది, గ్యాస్ ఒత్తిడికి తట్టుకుంటుంది.

చట్టం కూడా వెనక నుంచి తోస్తోంది. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో రీసైకిల్ సరుకు 2025–26లో 30 శాతం ఉండాలని, 2028–29 నాటికి 60కి చేరాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి. కాగితం మీద బాగానే ఉంది. కానీ రీసైకిల్ చేశామంటూ అమ్ముకున్న సర్టిఫికెట్లలో దాదాపు 6 లక్షలు నకిలీవని 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లోనే తేలింది. అదే ఏడాది క్రికెట్ ప్రపంచ కప్పు మైదానాల్లో కంపెనీలు పాత సీసాలతో నేయించిన జెండాలు రెపరెపలాడాయి. ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి!

నిజానికి చెత్త పుట్టకుండా చేసే విద్య మనకు కొత్తది కాదు. రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింక్, ఊరూరా గోలీసోడా ఏళ్ల తరబడి నడిచింది గాజు సీసా తిరిగిచ్చే పద్ధతి మీదే. సీసా అక్కడే తాగి ఇచ్చెయ్యాలి, ఇంటికి పట్టుకెళ్తే డబ్బు కట్టి వెళ్లాలి. ఆ పద్ధతి ఇప్పటికీ పని చేస్తుందనడానికి నీలగిరి జిల్లాలో తమిళనాడు ప్రభుత్వ మద్యం దుకాణాలే సాక్ష్యం. 2022లో అక్కడ సీసాకు అదనంగా 10 రూపాయలు తీసుకుని ఖాళీది తెస్తే తిరిగివ్వడం మొదలెట్టారు. అడవి దారుల్లో పగిలిపడే సీసాల్లో అత్యధిక భాగం కొట్టుకే వెనక్కి వచ్చాయి. జర్మనీలో 2003 నుంచి ఒకసారి వాడే సీసాకు 25 సెంట్ల డిపాజిట్ ఉంది. మొదట్లో ఇలాంటివి వద్దన్న కోకా-కోలా కూడా 2017లో స్కాట్లాండ్‌లో సరేనంది.

డిపాజిట్ ఉంటే సీసాకి ఇంత అని రేటు. బరువుతో నిమిత్తం లేదు. కాకపోతే యూరప్‌లోలా సూపర్ మార్కెట్లో యంత్రం పెట్టేసి చేతులు దులుపుకుంటే మన దగ్గర కుదరదు. ఇక్కడ కిరాణా కొట్టులో కొత్త సీసాలు పెట్టడానికే చోటుండదు. పైగా డిపాజిట్ కట్టినవాళ్లే సీసా తిరిగిచ్చేస్తే, ఏరుకునేవాళ్లకు ఇప్పుడు దొరికేది కూడా దొరకదు. అందుకని ప్రతి పేటలో ఇప్పటికే ఉన్న పాత సామాన్ల కొట్లనే సేకరణ కేంద్రాలుగా గుర్తించి, సీసాకింతని కమీషన్ ఇవ్వాలి. వేరుచేసే ఆడవాళ్లకు చేతి తొడుగులు, బల్ల, నెల జీతం ఇవ్వాలి. కంపెనీలు ముందు డబ్బు పెట్టాల్సింది అక్కడ. జెండాలు తర్వాత కుట్టించుకోవచ్చు.